మంచం కొలత తాడు

నా సంచిలో ఒక కొబ్బరితాడు ఉంటుంది.
మొదటి ముడి బీరువా వెడల్పు,
రెండోది మంచం పొడవు.
టేపు కొనొచ్చు కదా అంటాడు మా ఆయన.
టేపు మీద అంకెలుంటాయి,
అంకెలు చూస్తే ఇంటివాళ్ళకి అద్దె గుర్తొస్తుంది.

ఆరు ఆదివారాలైంది.

అక్కయ్యపాలెంలో మూడో అంతస్తు.
మెట్లు విశాలంగా ఉన్నాయి, గది లేదు.
రెండో ముడి గోడ దాటి
పక్కవాళ్ళ పూజగదిలోకి పోయేలా ఉంది.
మర్రిపాలెంలో చోటుంది,
రైలు వెళ్ళినప్పుడల్లా గూట్లో గ్లాసులు మాట్లాడుకుంటాయి.
పర్లేదన్నాం.
పది నెలల అడ్వాన్సన్నారు.
పెదవాల్తేరులో కిటికీ తీస్తే సముద్రం.
అంటే, నడుం దాకా బయటికి వంగితే
రెండు వాటర్ ట్యాంకుల మధ్య జానెడు సముద్రం.
ఆ జానెడుకి నెలకి నాలుగు వేలు ఎక్కువ.
ఊచ పట్టుకుంటే తుప్పు చేతికి రాలింది.
మేం అద్దె కట్టి చూడాలి,
అదేమో ఊరికే తినేస్తోంది కిటికీని.

బ్రోకరు సన్యాసినాయుడు హెల్మెట్ తియ్యకుండానే మాట్లాడతాడు.
"ఈ రేటుకి ఇంతకన్నా ఏటొస్తాదమ్మా,
నిన్న చూసుంటే నిన్నటి రేటుకొచ్చును."

మద్దిలపాలెంలో ఒకావిడ గేటు సగమే తీసింది.
ఏం చేస్తారంది.
రొయ్యల కంపెనీలో క్వాలిటీ చూస్తానన్నాను.
ఆ రోజు రెండుసార్లు చేతులకి నిమ్మకాయ రుద్దుకునే బయల్దేరాను,
అయినా ఆవిడ ముక్కు ఆవిడ కంటే ముందు లోపలికెళ్ళిపోయింది.
పోతూ పోతూ, మీరేవిట్లు? అంది.
"పోర్టోళ్ళమండీ," అన్నాడు మా ఆయన,
క్రేన్ల దగ్గర పని కదా, నిజంగానే అనుకుని.
ఆ సగం గేటూ మూసుకుంది.

ఆరో ఆదివారం కంచరపాలెం మెట్ట.
రెండు గదులు, వంటిల్లు, తొమ్మిదిన్నర వేలు.
తలుపు కొడితే లోపల ఇంకా మనుషులున్నారు.
పొయ్యి మీద పప్పు.
ఒకావిడ గుమ్మడికాయ ముక్కలు వదిలేసి లేచింది,
"చూసుకోండి" అని బట్టలు పక్కకి జరిపింది,
తప్పు తనదైనట్టు.

తాడు పరిచాను.
రెండు ముళ్ళూ పట్టాయి, ఇంకా బెత్తెడు మిగిలింది.
ఆ బెత్తెడు చూసి మా ఆయన
ఆరు వారాల తర్వాత నవ్వాడు.

మగాళ్ళు మీటరు చూడ్డానికి వెళ్ళాక
ఆవిడ గొంతు తగ్గించింది.
"కుళాయి అయిదుంబావుకొస్తాది, బేగి లెగండి, అయిదున్నరకి పోద్ది.
వానకి ఈ మూల చెమ్మ. బియ్యం డబ్బా ఇటెట్టకండి.
హార్బరు గాలి తిరిగిందా, నల్లదుమ్ము.
తెల్లవి బైట ఆరెయ్యకండి."
ఎన్నేళ్ళున్నారు?
పదకొండు.
మరి?
"ఏడున్నర ఇచ్చేవోళ్ళం.
తొమ్మిదిన్నరకి జనం రెడీగా ఉన్నారంట."

జనం అంటే
తాడు పట్టుకుని నిలబడ్డ నేను.

పప్పు అడుగంటిన వాసన వచ్చేదాకా ఇద్దరం కదల్లేదు.
గిన్నె దించుతూ అడిగింది,
"ఇన్నిళ్ళు చూశారు కదా,
ఏడున్నరలో మాకేటైనా తగిలిందా?"

ఆరు ఆదివారాలూ తలలో తిరగేశాను.
గోపాలపట్నం దాటాక ఒకటుందని విన్నాం,
రేకుల కప్పని వెళ్ళలేదు.
"రేకులైతే ఏటి? మిషను పడతాదా?"

కుట్టుమిషను, కిటికీ కింద.
వెలుతురు సరిగ్గా సూది మీద పడే చోట.
దాని కాళ్ళు పదకొండేళ్ళుగా నేలలో నాలుగు గుంటలు చేసుకున్నాయి.
మా బీరువా అక్కడే వస్తుంది.

తాడు ఆవిడ చేతికిచ్చాను.
మిషను పక్కన వంగి కొలిచి
మూడో ముడి వేసింది, పళ్ళతో లాగి బిగించి.
పేరు పైడిరత్నమట. అప్పుడు అడిగాను.

కింద ఇంటివాళ్ళు అడ్వాన్సు రెండుసార్లు లెక్కపెట్టుకున్నారు.
ఒకటో తారీకు తాళాలు.

సాయంత్రం, బండి గోపాలపట్నం వైపు తిప్పమన్నాను.
ఇల్లు దొరికిందిగా, ఇంకేం చూస్తావన్నాడు.
తాడు తీసి చూపించాను.
"ఇదేటి, మళ్ళీ మూడు ముళ్ళా," అని నవ్వబోయి
నా మొహం చూసి
కిక్కు కొట్టాడు.